సుద్దముక్కల కోసం పంపిన పిల్ల

ఎండుటాకు ఒక్కటి దొరికితే చాలు, ఒక్కటంటే ఒక్కటి, అది కూడా లేకపోతే ఇంక ఈ బడిలో చావు గురించి ఏం చెప్పగలడు, మామూలు రోజుల్లో ఎంత మొత్తుకున్నా మూలలు వదిలేసే ఊడ్చే ఆవిడ ఇవాళే పనిగట్టుకుని ఆవరణంతా అద్దంలా చేసిపెట్టింది, ఉన్నది ఒక్క చెట్టు, దాని కింద కూడా ఏమీ లేదు, డ్రాయింగు మాస్టారు ప్రహరీ గోడ వెంబడే నడుం వంచుకుని నడుస్తున్నాడు, చంకలో శిక్షణవాళ్ళు ఇచ్చిన పుస్తకం, ఉపాధ్యాయుడు ఒక పచ్చటి ఆకునూ ఒక ఎండిన ఆకునూ చూపించి విద్యార్థులచేత తేడా చెప్పించవలెను అని ఉంది అందులో, పచ్చటిది చెయ్యి చాపితే అందింది, పచ్చటివాటికేం కరువు, ఎండినదే కంటికి కనబడటం లేదు, మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి, ఎవరైనా చూస్తే ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడు అనుకుంటారు, పారేసుకున్న మాట నిజమే, కాకపోతే అది ఈ ఆవరణలో కాదు, సరే, చెత్తబుట్ట ఉండనే ఉంది కదా, మూత తీస్తే పైనే ఉన్నాయి బోలెడన్ని, పెన్సిళ్ళు చెక్కిన పొట్టుతో కలిసి, ఒకటి తీసి చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు, పిల్లల ముందుకి వెళ్ళేటప్పుడు చావైనా కాస్త శుభ్రంగా ఉండాలి.

అసలీ పాఠం తన నెత్తిన ఎలా పడింది, పోయిన వారం మీటింగులో పెద్ద టీచరు కళ్ళజోడు సవరించుకుంటూ చదివింది, ఈ ఏడాది నుంచి ప్రతి తరగతిలోనూ పిల్లలకి మరణం గురించి ఒక పాఠం చెప్పాలట, పైనుంచి వచ్చింది, పైనుంచి అంటే ఆఫీసు నుంచేనా అని వెనక వరసలో ఎవరో గొణిగితే ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు, ఏ పీరియడ్‌లో చెప్పాలి అనేసరికి లెక్కల టీచరు లెక్కలు ఇవ్వనంది, సైన్సాయన సైన్సు ఇవ్వనన్నాడు, పరీక్ష లేని సబ్జెక్టు డ్రాయింగు ఒక్కటే, కాబట్టి పీరియడ్ పోయింది, పీరియడ్‌తోపాటు మనిషీ పోయాడు, మూడో తరగతి టీచరమ్మ ముందే చెప్పేసింది నాకు ఏడుపొచ్చేస్తుందండీ నావల్ల కాదని, సైన్సాయనేమో గుండె ఆగిపోవడం వరకూ అడిగితే చెప్తాను, ఆ తర్వాత సంగతి నా సబ్జెక్టు కాదు అని చేతులు దులిపేసుకున్నాడు, అందరి చూపులూ బల్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి తన దగ్గర ఆగాయి, మీరు పెద్దవారు కదా మాస్టారూ అంది పెద్ద టీచరు, పెద్దవారు అంటే ఏమిటో, దానికి దగ్గర పడ్డారు కదా అనా, లేకపోతే మీ ఇంట్లో ఈమధ్యే జరిగింది కదా అనా, ఏదో ఒకటి పైకి అన్నా బాగుండేది, ఆవిడ అనలేదు, తనూ అడగలేదు, అడిగే ఓపిక ఉంటే వద్దు అనే ఓపికే ఉండేది.

ఎనిమిది నెలలుగా ఎవరూ ఏమీ అనడం లేదు, అదే వచ్చిన చిక్కు, భార్య పోయిన కొత్తలో నాలుగు రోజులు అందరూ వచ్చారు, చేతులు పట్టుకున్నారు, ఆ తర్వాత తను బడికి తిరిగొచ్చిన రోజు నుంచీ స్టాఫ్ రూములో అడుగుపెడితే నవ్వులు ఆగిపోతాయి, నవ్వులంటే సరే, తగాదాలు కూడా ఆగిపోతాయి, అది మరీ అన్యాయం, మొన్న లెక్కల టీచరూ సైన్సాయనా కుర్చీ గురించి మంచి రంజుగా పోట్లాడుకుంటున్నారు, తను వాకిట్లోకి రాగానే ఇద్దరూ గొంతు తగ్గించి మాస్టారికి కుర్చీ వేశారు, ఆ కుర్చీ గురించే పోట్లాట, ఆవిడ ఉండి ఉంటే సాయంత్రం ఇది చెబితే ఎంత నవ్వేదో, కుట్టుమిషను తొక్కడం ఆపేసి మరీ నవ్వేది, ఆవిడకి ఈ బడి కబుర్లు టీవీ సీరియల్ కన్నా ఎక్కువ, తన బొమ్మలంటే మాత్రం వెక్కిరింపు, ఒకసారి చార్టు మీద ఆవు బొమ్మ వేస్తుంటే వెనకనుంచి తొంగిచూసి ఇదేమిటండీ ఆవుకి మీ పెద్ద టీచరు మొహం వచ్చింది అంది, నిజంగానే వచ్చింది, ఆ చార్టు ఇప్పటికీ రెండో తరగతి గోడకి ఉంది, అటు వెళ్ళినప్పుడల్లా నవ్వొస్తుంది, నవ్వి ఎవరికి చెప్పాలో తెలియక ఆ నవ్వు అక్కడే వదిలేసి వస్తాడు, ఒక్క జ్వరం, ఆస్పత్రి, తెల్ల దుప్పటి, అంతే, మనిషి లేదు, కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు చెయ్యి ఒకటి అలాగే ఉండిపోయింది.

వరండాలోకి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పెద్ద టీచరు గదిలోంచి బయటికి వచ్చి దగ్గరగా నిలబడింది, గొంతు తగ్గించింది, ఆవిడ గొంతు తగ్గించిందంటే ఏదో జాలిపడే పని ఉందన్నమాట, మాస్టారూ మూడో తరగతిలో ఆ పిల్ల ఉంది కదా అంది, ఏ పిల్ల అని అడగనక్కర్లేదు, తల్లి పోయి నెల కూడా కాలేదు, పాఠం చెప్పే పీరియడ్ వరకూ ఆ పిల్లని ఏదో పని మీద బయటికి పంపించెయ్యండి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టమని గుమస్తాగారికి చెప్పి ఉంచాను, పసిపిల్ల, ఎందుకు గుర్తుచెయ్యడం పాపం అంది, అలాగేనండీ అన్నాడు తను, ఆవిడ చెప్పింది మంచికే, మంచి మనిషే ఆవిడ, ఆ పిల్లకి తనే ఫీజు మాఫీ చేయించింది కూడా, అయినా గుర్తుచెయ్యడం ఏమిటి, మర్చిపోతేగా, అనుకున్నాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, అనుకుని ఊరుకున్నాడు, ఈ మధ్య అనుకుని ఊరుకోవడం బాగా అలవాటైపోయింది.

ఆ పిల్లని తను మూల పిల్ల అంటాడు, మనసులోనే, పైకి కాదు, ఎంత పెద్ద కాగితం ఇచ్చినా కుడివైపు కింది మూలలో చిక్కుడు గింజంత బొమ్మ వేసి ఇస్తుంది, ఇల్లు వెయ్యమంటే గింజంత ఇల్లు, దానికి కిటికీలు, కిటికీలో పిల్లి, పిల్లికి మీసాలు, భూతద్దం పెట్టుకుని చూడాలి, మిగతా కాగితమంతా ఖాళీ, ఎందుకమ్మా ఇంత కాగితం వదిలేశావు అంటే రేపు వేసుకోడానికి మాస్టారూ అంటుంది, పొదుపరి, తల్లి పోయాక టీచరమ్మ అలాంటి బొమ్మే ఒకటి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, చూశారా మాస్టారూ దుఃఖంతో ఎలా ముడుచుకుపోయిందో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఇది ముందునుంచీ ఇంతేనమ్మా అన్నా వినలేదు, చెప్పి చెప్పి తనూ వదిలేశాడు, ఏమో, ముందునుంచీ ఉన్నదే అయినా ఇప్పుడు దానిలోకి కొత్తగా ఏదైనా వచ్చి చేరిందేమో, తనకి మాత్రం ఏం తెలుసు, అడిగితేగా.

గంట కొట్టారు, మూడో తరగతి గదిలోకి వెళ్ళేసరికి పిల్లలందరూ లేచి నమస్తే మాస్టారూ అని రాగం తీశారు, రంగుపెన్సిళ్ళ డబ్బాలు అప్పటికే బల్లల మీద పెట్టేసుకున్నారు, ఇవాళ బొమ్మలు కాదర్రా అంటే అబ్బా అన్నారు ఒక్కసారిగా, మూల పిల్ల రెండో వరసలో వసపిట్ట పక్కన కూర్చుని ఉంది, వసపిట్ట అంటే ఆ పిల్ల స్నేహితురాలు, రోజంతా వాగుతూనే ఉంటుంది, నిద్రలో కూడా వాగుతుందని వాళ్ళమ్మే చెప్పింది ఒకసారి, ఇటు రా తల్లీ అని మూల పిల్లని పిలిచాడు, వచ్చి నిలబడింది, జడ ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంది, వేసినవాళ్ళకి జడ వెయ్యడం కొత్తలా ఉంది, సుద్దముక్కలు అయిపోయాయమ్మా, ఆఫీసు గదిలో గుమస్తాగారిని అడిగి తీసుకురా, ఆయన లేకపోతే వచ్చేదాకా అక్కడే కూర్చో, తొందరేం లేదు అన్నాడు, ఆ పిల్ల తల తిప్పి బల్ల మీద చూసింది, సుద్దముక్కల డబ్బా నిండుగా, మూత కూడా లేకుండా ఎదురుగానే ఉంది, ఛీ, కనీసం దాన్ని సొరుగులో పెట్టాలని కూడా తట్టలేదు తనకి, పిల్ల డబ్బా వంక చూసింది, తన వంక చూసింది, సరే మాస్టారూ అంది, చెప్పులు టపటపలాడించుకుంటూ వరండాలో వెళ్ళిపోయింది.

ఆ చూపు, ఆ చూపు తనకి తెలుసు, ఎక్కడ చూశాడు, చూడలేదు, తనే చూశాడు అలా, పాల రోజున, కూతురూ అల్లుడూ వచ్చి తనతో ఉండటం మొదలుపెట్టిన కొత్తలో, ఒక ఆదివారం కూతురు వంటింట్లోంచి నాన్నా పాలు అయిపోయాయి తెచ్చిపెడతావా అంది, తొందరేం లేదు, మెల్లిగా రా అంది, తను సంచీ తీసుకుని వెళ్ళాడు, దారిలో ఎవరో పలకరిస్తే నిలబడ్డాడు, తిరిగి వచ్చేసరికి బీరువాలో ఆవిడ వైపు అరలన్నీ ఖాళీ, మంచం ఈ గోడనుంచి ఆ గోడకి మారింది, కుట్టుమిషను కనబడలేదు, అది ఉన్న చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి, కూతురు మొహం కడుక్కుని ఉంది, అల్లుడేమో గట్టిగా ఏం మామయ్యా ఎండ బాగా ఉందా అన్నాడు, ఉంది బాబూ అన్నాడు తను, పాలు పెడదామని ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల రెండు ప్యాకెట్లు ఉన్నాయి అప్పటికే, చల్లగా, నిండుగా, ఆ తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, మూడో ప్యాకెట్టు వాటి పక్కన పెట్టి తలుపు వేశాడు, ప్రేమతోనే చేశారు, చూస్తే తట్టుకోలేడని చేశారు, ఆ సంగతి తెలుసు, తెలిసినా, తన సొంత ఇంట్లోంచి తనని మెల్లిగా, మర్యాదగా, సంచీ చేతికిచ్చి బయటికి పంపించారు అనిపించింది, ఇప్పుడు తను చేసిందేమిటి, సంచీ లేదు, అంతే తేడా.

మాస్టారూ పాఠం అంది ముందు వరసలో ఎవరో, ఆ ఆ పాఠం, జేబులోంచి ఆకులు తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు, పిల్లలూ ఈ రెండింటికీ తేడా ఏమిటర్రా, ఒకటి పచ్చగా ఉంది మాస్టారూ ఒకటి మాసిపోయి ఉంది, మాసిపోలేదర్రా ఎండిపోయింది, చచ్చిపోయింది అన్నమాట అన్నాడు, ఆకు గురించే కదా అన్నది, అయినా సరే, ఎనిమిది నెలల్లో ఆ మాట తను అనలేదు, లేదు అంటాడు, పోయింది అంటాడు, ఆస్పత్రి తర్వాత అంటాడు, వెనక బల్లవాడు చెయ్యెత్తాడు, ఆకు మళ్ళీ వస్తుంది కదా మాస్టారూ చెట్టుకి, వస్తుంది, అయితే మనుషులు కూడా మళ్ళీ వస్తారా, పుస్తకంలో దీనికి జవాబు లేదు, రారు నాన్నా, ఆ ఆకు కూడా అదే రాదు, వేరే ఆకు వస్తుంది అన్నాడు, మరి అలాంటప్పుడు ఆకు ఎందుకు చూపించారు అన్నాడు వాడు, న్యాయమైన ప్రశ్న, శిక్షణలో ఆ పుస్తకం చేతికిచ్చిన అమ్మాయిని అడగాలి.

ఇంక మొదలైంది, కాలవకి గండి పడ్డట్టు, మా తాతయ్య నక్షత్రం అయిపోయాడు మాస్టారూ, కాదు వాళ్ళ తాతయ్య ఫొటో అయిపోయాడు, వాళ్ళ ముందు గదిలో మేకుకి ఉన్నాడు నేను చూశాను, మా కుక్కపిల్ల కూడా చచ్చిపోయింది మాస్టారూ, నాన్న దాన్ని స్కూటర్ మీద డాక్టర్ దగ్గర వదిలి వచ్చాడు, పెద్దయ్యాక ఇస్తారట, వీడి కుక్కపిల్ల రెండేళ్ళుగా పెద్దవుతూనే ఉందన్నమాట, చచ్చిపోతే నొప్పి పుడుతుందా మాస్టారూ, చచ్చిపోయినవాళ్ళు బడికి వెళ్ళాలా, వెళ్ళక్కర్లేదు అంటే అయితే బాగానే ఉంటుంది అన్నాడొకడు, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, ఆశ్చర్యం, ఇంతసేపు చావు గురించి ఇంత మామూలుగా మాట్లాడినవాళ్ళని తను ఈ ఎనిమిది నెలల్లో చూడలేదు, ఒక్కడూ గొంతు తగ్గించలేదు, ఒళ్ళు కాస్త తేలికైంది, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఇలా అయితే గంట కొట్టేదాకా లాగెయ్యొచ్చు అనుకున్నాడు.

అప్పుడు లేచింది వసపిట్ట, అంతసేపూ అది ఒక్క మాట మాట్లాడలేదని అప్పుడుగానీ తనకి తట్టలేదు, మాస్టారూ సుద్దముక్కలు ఉన్నాయి కదా అంది, ఏమిటమ్మా అన్నాడు వినిపించనట్టు, అదిగో డబ్బాలో నిండా ఉన్నాయి, మరి దాన్నెందుకు పంపించారు, తను ఏదో చెప్పబోయాడు, రంగువి కావాలమ్మా అందామనుకున్నాడు, డబ్బాలో రంగువి కూడా ఉన్నాయి, పక్క వరసలోంచి ఒకడు అందుకున్నాడు, వాళ్ళమ్మ చచ్చిపోయింది కదా అందుకే కావాలని పంపించారు, అవును మాస్టారూ అందుకేనా, ఇంతసేపూ పకపకలాడిన పిల్లలు ఒక్కసారిగా స్టాఫ్ రూమైపోయారు, వసపిట్ట ఇంకా నిలబడే ఉంది, పక్కన ఖాళీగా ఉన్న చోటు మీద చెయ్యి పెట్టుకుంది, మాస్టారూ మా అమ్మ చచ్చిపోతే నన్ను కూడా బయటికి పంపించేస్తారా అంది.

పంపించను అనాలి, కానీ ఇప్పుడే పంపించాడు, వాళ్ళ కళ్ళముందే, నిండా ఉన్న డబ్బా పెట్టుకుని లేదని చెప్పి మరీ పంపించాడు, తరగతి తరగతంతా చూసింది, ఆకులు ఎవడిక్కావాలి, పాఠం ఆకులు తియ్యకముందే అయిపోయింది, మీ ఇంట్లో ఎవరైనా పోతే మిమ్మల్ని గదిలోంచి పంపించేస్తారు, నవ్వుతూ పంపిస్తారు, తల్లీ అని పిలిచి పంపిస్తారు, మిగతావాళ్ళు తలుపేసుకుని దాని గురించి మాట్లాడుకుంటారు, ఇదీ తను ఇవాళ ఈ పిల్లలకి నేర్పింది, ఇది వాళ్ళు జన్మలో మర్చిపోరు, ఎక్కాలు మర్చిపోతారు కానీ ఇది మర్చిపోరు, గంట కొట్టేదాకా ఇలా కుర్చీలో కూలబడి ఉండిపోతే ఎవరూ ఏమీ అడగరు, అడగరు, అదే కదా బాధ, కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, తప్పు చేశానమ్మా, నిన్ను పంపించను, దాన్ని కూడా తీసుకొస్తాను ఉండు అన్నాడు, నేను వచ్చేదాకా గోల లేకుండా చూడు అని వసపిట్టకే అప్పగించాడు, వరండాలో నాలుగడుగులు వేసేసరికి దాని గొంతు ఖంగుమని వినిపించింది.

ఆఫీసు గదిలో గుమస్తా కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు, ఆయనకి అప్పజెప్పిన పని పిల్లని కూర్చోబెట్టడమే కాబట్టి కూర్చోబెట్టి పడుకున్నాడు, మూల పిల్ల స్టూలు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది, ఒళ్ళో కొత్త సుద్దముక్కల పెట్టె, తనని చూసి కాళ్ళు ఊపడం ఆపేసింది, అయిపోయిందా మాస్టారూ పాఠం అంది, గది బయట కూర్చున్నా ఏం పాఠమో తెలుసు దానికి, తను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, అమ్మా సుద్దముక్కలు అక్కడే ఉన్నాయి, నిన్ను కావాలనే పంపించాను అన్నాడు, తెలుసు మాస్టారూ అంది, మొహంలో కోపమేమీ లేదు, మా ఇంట్లో కూడా అంతే, మా పిన్ని వస్తుంది కదా, మా పిన్నీ నానమ్మా అమ్మ గురించి మాట్లాడుకునేటప్పుడు నన్ను ఎదురింటికి ఆడుకోడానికి పంపిస్తారు, ఎదురింట్లో పిల్లలు లేరు మాస్టారూ, ముసలాయన ఉంటాడు, ఆయన పేపరు చదువుకుంటాడు, నేను కూర్చుంటాను, ఆ మాట వినేసరికి మా ఇంట్లో కూడా అంతేనమ్మా అనేశాడు, నోరు జారినట్టుగా వచ్చేసింది, నన్నయితే పాలకి పంపిస్తారు.

పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది, మీకెవరు చచ్చిపోయారు మాస్టారూ అంది, ఆకు గురించి అడిగినంత మామూలుగా అడిగింది, ఎనిమిది నెలలుగా ఊరంతా చుట్టూ తిరిగి తప్పించుకుపోయిన ప్రశ్న, మా ఆవిడమ్మా, చచ్చిపోయింది, అన్నాడు, అన్నాక చూసుకుంటే ఏమీ కాలేదు, గోడలు నిలబడే ఉన్నాయి, గుమస్తా గురక పెడుతూనే ఉన్నాడు, ఏం చేసేది ఆవిడ, బట్టలు కుట్టేది, నా బొమ్మల్ని వెక్కిరించేది, ఆవుకి మీ పెద్ద టీచరు మొహం వచ్చిందనేది, పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, రెండో తరగతిలోదేనా మాస్టారూ, మాకందరికీ తెలుసు అంది, అందరికీ తెలుసట, ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పాలి ఈ సంగతి, చెప్పలేడు, సరే, ఈ పిల్ల నవ్వింది కదా, అది చాలు, లే అమ్మా వెళ్దాం, నువ్వు లేకుండా ఆ పాఠం కుదరడం లేదు అన్నాడు, లేచింది, సుద్దపెట్టె వదల్లేదు, మీరు పంపించింది దీనికే కదా మాస్టారూ అంది, ఎగతాళో నిజమో తెలియలేదు.

వరండా పొడుగ్గా ఉంది, ఎండ స్తంభాల మధ్యనుంచి నేల మీద పడుతోంది, పిల్ల నీడ ఉన్న చోటే అడుగు వేస్తూ నడుస్తోంది, తను పక్కన మెల్లిగా, మోకాళ్ళు చెప్పిన వేగంతో, మరి మీ నాన్నని అడగొచ్చు కదమ్మా అమ్మ గురించి అన్నాడు, పిన్ని పంపిస్తే పంపించింది, నాన్న ఉన్నాడుగా, అడిగాను మాస్టారూ, మొదట్లో రోజూ అడిగేదాన్ని, అమ్మ అనగానే నాన్న లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతాడు, కాసేపయ్యాక వస్తాడు, బిస్కెట్లు తెస్తాడు, నాకు బిస్కెట్లు వద్దు, ఇప్పుడు అడగడం మానేశాను, నేను అడగకపోతే నాన్న ఇంట్లోనే ఉంటాడు కదా అంది, అని నీడలోంచి నీడలోకి గెంతింది, తను ఆగిపోయాడు.

చెప్పులేసుకుని, అవును, చెప్పులు, కూతురు అన్నం పెడుతూ నాన్నా అమ్మ ఉంటే ఇవాళ అని మొదలుపెట్టింది ఒకసారి, తను చెయ్యి కడిగేసుకుని నడిచొస్తానమ్మా అని బయటికి వెళ్ళిపోయాడు, ఇంకోసారి గుమ్మంలో నిలబడి నిన్న అమ్మ కల్లోకి వచ్చింది నాన్నా అంది, తను గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటూ అలాగా అన్నాడు, అలాగా అని చెప్పి వీధి చివరి దాకా వెళ్ళి కూర్చుని వచ్చాడు, కల ఏమిటో అడగలేదు, ఆ తర్వాత అది ఏమీ చెప్పలేదు, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ తను రాగానే ఆపేసేది, నవ్వుతోంది కాబోలు నన్ను చూసి ఆపేసింది అనుకున్నాడు, నవ్వో ఏడుపో మొహం చూశాడా, చూడలేదు, ఆపేసింది అని మాత్రం లెక్కపెట్టుకున్నాడు, పాల రోజున మొహం కడుక్కుని ఉంది, ఎందుకు కడుక్కుంది, ఆ బీరువా అరలు ఖాళీ చేసింది ఎవరి చేతులు, ఆ బట్టలు ఒక్కొక్కటీ తీసి మడతపెట్టింది ఎవరు, వాళ్ళమ్మ బట్టలు, తను బజార్లో ఎవరితోనో నిలబడి మాట్లాడుతున్నంతసేపూ అది ఒక్కతే కూర్చుని వాళ్ళమ్మ వాసన వేసే బట్టలు సర్దింది, నాన్న చూస్తే తట్టుకోలేడని, మళ్ళీ చెప్పులేసుకుని వెళ్ళిపోతాడని, వెళ్ళిపోకుండా ఇంట్లోనే ఉంటాడని నోరు మూసుకుంది, ఇన్నాళ్ళూ తనని పంపించేశారనే అనుకుంటూ తిరిగాడు, మాస్టారూ రండి అని తరగతి గుమ్మంలోంచి పిల్ల పిలిచింది, లోపల వసపిట్ట జరిగి చోటిచ్చింది, అందరూ తలలు తిప్పి తన కోసం చూస్తున్నారు, వస్తున్నానమ్మా అన్నాడు, అన్నాడే కానీ స్తంభం పట్టుకుని అక్కడే ఒక్క క్షణం నిలబడ్డాడు, పోయింది నా భార్య, నా భార్య అని ఎనిమిది నెలలు ఊరేగాడు, దానికి అమ్మ కదా పోయింది, తన ఇంట్లోనే తల్లి పోయిన పిల్ల ఒకతి తిరుగుతోంది, ముప్పై ఏళ్ళ పిల్ల, రోజూ తనకి అన్నం పెడుతోంది, నువ్వెలా ఉన్నావమ్మా అని తను దాన్ని ఒక్కసారి కూడా అడగలేదు.